కల అని తెలిశాక మేలుకొనే దారి

నిద్రలో ఉన్న మనిషికి తాను చూస్తున్నది కల అన్న సంగతి ఆ కల సాగుతుండగానే తెలిసిపోతే, అటువంటి కలను నిద్రాశాస్త్రజ్ఞులు లూసిడ్ డ్రీమ్ అంటారు. తెలుగులో దాన్ని ఎరుక కల అనుకుంటే ఈ ప్రసంగానికి సరిపోతుంది. ఈ పేరును 1913లో డచ్ వైద్యుడు, రచయిత ఫ్రెడరిక్ వాన్ ఏడెన్ ప్రచారంలోకి తెచ్చాడు గానీ అనుభవం చాలా పాతది. నిద్రపోతున్నవాడి లోపల ఏదో ఒకటి ఇది కలేనని తరచుగా చెబుతుంటుందని క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ రాశాడు. యాభై ఏళ్ల పరిశోధనల్లో పోగుపడిన సర్వేలను కలిపి 2016లో వేసిన లెక్క ప్రకారం, జీవితంలో ఒక్కసారైనా ఇటువంటి కల వచ్చినవారు నూటికి 55 మంది, నెలకొకటి లేదా అంతకన్నా ఎక్కువగా వచ్చేవారు నూటికి 23 మంది. వీరిలో కొందరు ఆ కలను ఇంకాసేపు నిలుపుకోవాలనుకుంటారు. మరికొందరు, ముఖ్యంగా పీడకల నడుమ ఎరుక కలిగినవారు, ఎలాగైనా బయటపడాలనుకుంటారు. కల అని తెలిసినా మెలకువ రాకపోవడం, లేవాలని ఎంత గింజుకున్నా లేవలేకపోవడం ఈ రెండో రకం వారికి ఎదురయ్యే చిక్కు. ఆ చిక్కు ఎందుకు వస్తుందో, ఏ దారిన వీడుతుందో చూడడం ఈ ప్రసంగం ఉద్దేశం.

అత్తిలి, తణుకు, తాడేపల్లిగూడెం వంటి గోదావరి పశ్చిమ డెల్టా ఊళ్లలో పీడకలల మాట వస్తే పాము ప్రస్తావన రాకుండా పోదు. కాలువ గట్లూ వరిచేలూ గడ్డివాములూ ఉన్నచోట ఎలుకలు, ఎలుకల వెంట పాములు తప్పవు గనుకా, రాత్రిపూట తిరిగే కట్లపాము నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కాటువేసే అలవాటు గలది గనుకా, ఇక్కడి వారికి కలలో కనబడే పాము పగటి భయానికి కొనసాగింపే. కలలో పాము కనబడితే నాగదోషమనీ, సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకోవాలనీ పెద్దవాళ్లు చెబుతారు. అత్తిలిలో ఆ స్వామి ఆలయం ఉండడం, మార్గశిర శుద్ధ షష్ఠికి జరిగే ఉత్సవానికి చుట్టుపక్కల ఊళ్ల జనం తరలిరావడం, నాగుల చవితినాడు ఇంటిల్లిపాదీ వెళ్లి పుట్టలో పాలు పోయడం ఈ నమ్మకాన్ని నిలబెట్టాయి. పిల్లవాడు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి ఏడిస్తే జడుసుకున్నాడని దిష్టి తీయడం, తాయత్తు కట్టించడం, తలగడ కింద ఇనుప ముక్క పెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఈ ఆచారాల్లో పడుకునే ముందు చేసే స్మరణను ప్రత్యేకంగా గమనించాలి. రాముడు, స్కందుడు, హనుమంతుడు, గరుత్మంతుడు, భీముడు అనే ఐదుగురిని నిద్రకు ముందు తలచుకుంటే చెడు కలలు రావని చెప్పే శ్లోకాన్ని తెలుగు ఇళ్లలో పిల్లలకు నేర్పుతారు. ఆ ఐదుగురిలో స్కందుడంటే సుబ్రహ్మణ్యుడే, గరుత్మంతుడేమో పాములకు పగవాడు. గజేంద్రమోక్షణ కథ వింటే దుస్స్వప్నాలు తొలగుతాయని భాగవతం ఎనిమిదో స్కంధం చెబుతుంది, పోతన తెలుగు చేసిన ఆ ఘట్టం చదువు రానివారి నోట కూడా పద్యాలుగా నిలిచింది. నిద్రకు ముందు మనసులో గట్టిగా నాటుకున్న తలపు కలలోకి కూడా చేరుతుందన్న అనుభవం ఈ అలవాట్ల వెనుక ఉంది. ఎరుక కలల అభ్యాసానికి అమెరికా శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ లాబెర్జ్ రూపొందించిన పద్ధతి కూడా దీని మీదే నడుస్తుంది: రాత్రి మధ్యలో మెలకువ వచ్చినప్పుడు అంతకుముందు వచ్చిన కలను తిరిగి తలచుకుని, ఈసారి కల వస్తే అది కల అని గుర్తుపట్టాలన్న సంకల్పాన్ని పదేపదే చెప్పుకుంటూ మళ్లీ నిద్రలోకి జారుకోవాలని ఆయన సూచించాడు.

కలలు ఏ వేళ ముమ్మరంగా వస్తాయో తెలిస్తే మిగతా విషయం సులువుగా బోధపడుతుంది. నిద్రపోతున్నవారి రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటి రాత్రిలో పలుమార్లు వస్తుందని 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లీట్‌మన్ వెల్లడించారు; కళ్లు వేగంగా కదిలే ఈ నిద్రను రెమ్ నిద్ర అంటారు, స్పష్టమైన కలలు చాలావరకు దీనిలోనే వస్తాయి. సుమారు తొంభై నిమిషాలకొకసారి వచ్చే ఈ దశ మొదటి విడతలో కొద్ది నిమిషాలే ఉండి, రాత్రి గడిచేకొద్దీ పెరుగుతూ, తెల్లవారేసరికి అరగంట దాకా సాగుతుంది. తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందన్న నమ్మకంలో ఫలితం సంగతి ఎలా ఉన్నా, ఆ వేళ వచ్చే కల నిడివి గలదీ పొందికైనదీ కావడం, దాని వెంటనే మెలకువ రావడంతో గుర్తుండిపోవడం మాత్రం నిజం. కళింగ దండయాత్ర దారిలో కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో విడిది చేసి, ఏకాదశి ఉపవాసం ఉన్న శ్రీకృష్ణదేవరాయలకు ఆంధ్రవిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం చెప్పమన్నది ఆ రాత్రి నాలుగో జామున అని ఆముక్తమాల్యద అవతారిక చెబుతుంది. కలకు ఆ కావ్యం ఎంచుకున్న వేళా, ప్రయోగశాలలో యంత్రాలు చూపిన వేళా ఒకటే.

కొల్లేరు చుట్టూ కైకలూరు, ఆకివీడు, ఉండి ప్రాంతాల్లో చేపల చెరువుల మీదా రొయ్యల చెరువుల మీదా కాపలా ఉండేవారి నిద్ర దీనికి దగ్గరి ఉదాహరణ. పగటి ఎండలో నీటిలోని నాచు, సూక్ష్మమైన మొక్కలు విడిచే ఆక్సిజన్ పొద్దుగూకాక ఆగిపోతుంది, చెరువులోని ప్రాణులన్నీ ఉన్నదాన్ని వాడుకుంటూ పోవడంతో తెల్లవారేముందు అది అట్టడుగుకు పడిపోతుంది. అందుకని చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతున్నాయేమో, ఏరియేటర్లు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూసుకోవడానికి కాపలాదారు మూడు నాలుగు గంటల వేళ గట్టు మీది పాకలోంచి లేచి, టార్చిలైటుతో చెరువు చుట్టివచ్చి, మళ్లీ నడుం వాలుస్తాడు. తెల్లవారుజామున ఇలా ఒకసారి లేచి, కాసేపు పూర్తి మెలకువగా ఉండి తిరిగి పడుకున్నవారు త్వరగా రెమ్ నిద్రలోకి జారుకుంటారు. అంతకు కొద్దిసేపటి ముందరి మెలకువ తాలూకు ఎరుక కొంత కలలోకి కూడా వెళ్లే అవకాశం హెచ్చు. ఎరుక కలల కోసం ప్రయోగశాలల్లో చేసేది కూడా ఇదే: ఐదారు గంటల నిద్ర తర్వాత మనిషిని లేపి, కొంతసేపు మేలుకొని ఉండమని, మళ్లీ పడుకోబెడతారు. అంటే చెరువు కాపలాదారులకూ, రాత్రి డ్యూటీల వారికీ, పసిపిల్లల తల్లులకూ ఈ కలలు కోరకుండానే రావచ్చు. వచ్చినప్పుడు భయపడకుండా ఉండడానికి వాటి తీరు తెలిసి ఉండడం మేలు.

కల అని తెలిసినా లేవలేకపోవడానికి కారణం శరీరంలో ఉంది. రెమ్ నిద్రలో మెదడు మెలకువలో ఉన్నంత చురుకుగా పనిచేస్తుంటుంది గానీ, మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే సంకేతాలు గ్లైసిన్, గాబా అనే రసాయనాల ద్వారా కండరాలను నడిపే నాడీకణాలను అణచి ఉంచుతాయి, దాంతో కాళ్లూ చేతులూ మెడా పూర్తిగా సడలిపోతాయి. ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ జూవే పిల్లుల మెదడు కాండంలో ఈ పని చేసే చిన్న భాగాన్ని దెబ్బతీసి చూసినప్పుడు, అవి నిద్రలోనే లేచి, ఎదురుగా లేని వేటను తరిమినట్టూ పంజా విసిరినట్టూ ప్రవర్తించాయి. దీన్నిబట్టి ఈ సడలింపు కలలోని చేష్టలు ఒంటికి పాకకుండా అడ్డుకునే కట్టడి అని తేలింది. లాకులు దించి కాలువ కట్టేసినా రెండు చిన్న తూములు తెరిచి ఉంచినట్టు, ఈ కట్టడి రెండింటిని మాత్రం విడిచిపెడుతుంది: ఒకటి కనుగుడ్లను తిప్పే కండరాలు, రెండోది ఊపిరి ఆడించే ఉదరవితానం, అంటే ఛాతీకీ కడుపుకూ నడుమ ఉండే పలుచని కండరం. కలలో ఉన్నవాడు చేతులు విదిలించి, కాళ్లు తన్ని లేవాలని చూసినప్పుడు తెరవని తలుపునే తోస్తున్నాడన్నమాట. అతడికి అందుబాటులో ఉన్నవి చూపూ ఊపిరీ మాత్రమే.

ఈ సంగతి ప్రయోగంలో రుజువైన తీరు ఆసక్తికరం. 1975 ఏప్రిల్ 12న ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు కీత్ హర్న్, ఎరుక కలలు తరచుగా వచ్చే ఆలన్ వర్స్‌లీ అనే వ్యక్తిని యంత్రాలకు కలిపి పడుకోబెట్టాడు. కల అని తెలియగానే కళ్లను ఎడమకూ కుడికీ ముందుగా అనుకున్న క్రమంలో తిప్పాలన్నది ఒప్పందం. ఆ రోజు ఉదయం, శరీరం రెమ్ నిద్రలో సడలి ఉందని యంత్రాలు చూపుతుండగానే, అనుకున్న క్రమంలోనే కనుగుడ్ల కదలికలు కాగితం మీద గీతలుగా పడ్డాయి. ఈ సంగతి తెలియకుండానే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లాబెర్జ్ వేరుగా ఇదే రుజువు చేసి 1981లో ప్రకటించాడు. ఆ తర్వాత కలలో ఊపిరి బిగబట్టినప్పుడు, వేగంగా పీల్చినప్పుడు మంచం మీది శరీరం కూడా అలాగే చేస్తుందని చూపించాడు. 2021లో అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాల్లోని నాలుగు బృందాలు 36 మందితో చేసిన పరిశోధనలో బయటివారు అడిగిన చిన్న లెక్కలకు కలలో ఉన్నవారు జవాబివ్వగలిగారు: ఎనిమిదిలోంచి ఆరు తీస్తే ఎంత అని అడిగితే, నిద్రలో ఉన్న ఒకరు కళ్లను రెండుసార్లు అటూ ఇటూ తిప్పారు. మొత్తం 158 ప్రయత్నాల్లో సరైన జవాబు వచ్చినవి నూటికి 18 వంతులే అయినా, కలకూ మెలకువకూ మధ్య ఉన్న గోడకు సందులు ఉన్నాయనడానికి అవి చాలు.

ఇక బయటపడే దారుల్లో మొదటిది చూపును నిలపడం. జర్మన్ మనస్తత్వవేత్త పాల్ థోలే తన అభ్యాసకుల అనుభవాలను పరిశీలించి, కలలో కదలని వస్తువు ఒకదాన్ని, గోడ మీది మేకునో తలుపు గడియనో, రెప్పవేయకుండా చూస్తూ ఉంటే కొద్ది సెకన్లలోనే ఆ దృశ్యం మసకబారి, చెదిరి, మెలకువ వస్తుందని చెప్పాడు. కనుగుడ్లు వేగంగా కదలడం రెమ్ నిద్రకు లక్షణం గనుక, చూపును ఒకచోట కట్టిపడేయడం ఆ నిద్రకు ఎదురు నడవడమే అవుతుంది. పాము కలలో ఉన్నవాడు పామునుంచి చూపు తిప్పుకుని పారిపోవడం మాని, దాని పక్కనున్న రాయి మీదనో గట్టు మీదనో దృష్టి నిలిపితే ఇదే ఫలితం ఉంటుంది. పాము మీదనే నిలపగలిగినా ఫరవాలేదు. కలలోని కళ్లను గట్టిగా మూసి, ఈసారి తెరిచేవి అసలు కళ్లు కావాలన్న ఉద్దేశంతో తెరవడం కూడా కొందరికి పనిచేస్తుంది.

రెండో దారి ఊపిరి. కలలో ఉన్నవాడు లోతుగా, ఒక లయలో ఊపిరి పీల్చడం మొదలుపెడితే అసలు ఊపిరి కూడా మారుతుంది. ఆ మార్పు తనకు తెలియడమే కాక, పక్కన పడుకున్నవారికీ వినబడుతుంది. కలలో వేసిన కేక గొంతు దాటి రాకపోయినా ఊపిరితోపాటు మూలుగుగా బయటికి వస్తుంది గనుక, తరచు పీడకలలు వచ్చేవారు అటువంటి మూలుగు వినబడితే భుజం తట్టి పేరుపెట్టి పిలవమని ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచడం మంచి ఏర్పాటు. మూడో దారి కలపై ఆసక్తిని ఉపసంహరించుకోవడం: కలలోని సంఘటనల్లో పాలుపంచుకోవడం మాని, పడుకున్న మంచాన్ని, దుప్పటి బరువును, ఫ్యాను చప్పుడును, వెల్లకిలా ఉన్నదీ పక్కకు తిరిగి ఉన్నదీ తలచుకుంటే, మనసు కలలోని శరీరాన్ని వదిలి అసలు శరీరాన్ని పట్టుకుంటుంది. కలను పొడిగించాలనుకునేవారికి లాబెర్జ్ దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సలహా ఇచ్చాడు. కలలో గుండ్రంగా తిరగమనీ, చేతులు రుద్దుకోమనీ, అంటే మనసును కలలోని శరీరంలోనే నిమగ్నం చేసి ఉంచమనీ ఆయన చెప్పాడు. నిలవడానికి పనికివచ్చేదాన్ని తిరగేస్తే లేవడానికి పనికివచ్చేది దొరుకుతుంది.

చేయకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. ఎత్తు మీదనుంచి దూకితే మెలకువ వస్తుందన్న మాట ప్రచారంలో ఉంది. పడిపోతున్న భావన చాలామందిని లేపుతుందన్నది నిజమే అయినా, తాను కలలో ఉన్నానన్న నమ్మకం పొరపాటైతే ఆ ఒక్క పరీక్షే ప్రాణం మీదికి తెస్తుంది. కల అవునో కాదో తేల్చుకోవడానికి హాని లేని పరీక్షలు చాలు: ముక్కు మూసుకుని ఊపిరి పీల్చి చూడడం, గోడ మీది రాతను ఒకసారి చదివి, చూపు తిప్పి మళ్లీ చదవడం. కలలో ముక్కు మూసినా ఊపిరి ఆడుతుంది, కలలోని రాత రెండోసారి చదివేసరికి తరచుగా మారిపోతుంది. పాము కనబడినప్పుడు పట్టుకుని చూద్దామనుకోవడం డెల్టా ఊళ్లలో ఏ పరిస్థితిలోనూ చేయదగిన పరీక్ష కాదు.

మేలుకున్నానన్న భ్రమ కలగడం ఈ దారిలో ఎదురయ్యే మరో మలుపు. కలలోంచి లేచి, మంచం దిగి, ముఖం కడుక్కుని, కాఫీ తాగుతుండగా అసలు మెలకువ వచ్చి, అంతవరకూ జరిగింది కూడా కలేనని తెలియడం చాలామందికి అనుభవమే. దొంగ నిద్ర ఉన్నట్టే దీన్ని దొంగ మెలకువ అనవచ్చు. లేవాలన్న కోరికే కలకు ముడిసరుకై, లేచిన దృశ్యాన్ని కలే తయారుచేసి ఇవ్వడం దీనికి మూలం. ఇటువంటివి ఒకదాని వెంట ఒకటి నాలుగైదు వచ్చినవారు, ఎప్పటికైనా నిజంగా లేస్తామా అని బెంబేలెత్తడం సహజం. దొంగ మెలకువలో పరిసరాలు ఒక వీసమెత్తు తేడాగా ఉంటాయి: గడియారంలో అంకెలు పొసగవు, స్విచ్చి వేసినా దీపం వెలగదు, కిటికీ ఎప్పుడూ ఉండే గోడకు ఉండదు. లేచిన ప్రతిసారీ ముక్కు పరీక్షనో రాత పరీక్షనో చేసే అలవాటు పగలే పడితే, ఆ అలవాటు దొంగ మెలకువలోనూ తనంతట తాను పనిచేస్తుంది.

దీనికన్నా భయపెట్టేది నిద్ర పక్షవాతం. మనసు ముందు మేలుకుని, కండరాల మీది కట్టడి ఇంకా తొలగకపోతే, కళ్లు తెరుచుకుని గది కనబడుతున్నా వేలైనా కదపలేని స్థితి కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల వరకూ ఉంటుంది. కల తాలూకు బొమ్మలు కూడా పూర్తిగా చెరిగిపోవు గనుక గదిలో ఎవరో ఉన్నట్టూ, గుండెల మీద కూర్చుని నొక్కుతున్నట్టూ అనిపిస్తుంది. దయ్యం గుండెల మీద కూర్చుందని చెప్పుకునేది దీన్నే. ఛాతీ కండరాలు సడలి, ఊపిరి ఉదరవితానం మీదనే ఆధారపడి ఆడుతున్నప్పుడు లోతుగా పీల్చుకోవాలని చూస్తే సాధ్యం కాకపోవడమే ఆ బరువుకు కారణం, ఊపిరి మాత్రం ఆగిపోదు. పలు దేశాల అధ్యయనాలను కలిపి 2011లో వేసిన అంచనా ప్రకారం నూటికి ఏడెనిమిది మందికి జీవితంలో ఒక్కసారైనా ఇది ఎదురవుతుంది, నిద్ర చాలనివారికీ వెల్లకిలా పడుకునేవారికీ ఎక్కువ. కలలోంచి బలవంతంగా లేవాలని పెనుగులాడినవారు కొన్నిసార్లు ఈ నడిమి స్థితిలో చిక్కుకుంటారు. పెనుగులాట పెరిగితే భయం పెరుగుతుంది. చిన్న ఊపిరులనే నెమ్మదిగా పీలుస్తూ, కాలి బొటనవేలి కొసనో నాలుకనో కదపడం మీద దృష్టి పెడితే కట్టడి తనంతట తాను వీడిపోతుంది.

కలలోంచి మేలుకోవడాన్ని భారతీయ తత్త్వశాస్త్రం ఎంతో శ్రద్ధగా విచారించింది. బృహదారణ్యకోపనిషత్తు నాలుగో అధ్యాయంలో జనకుడికి యాజ్ఞవల్క్యుడు స్వప్నాన్ని వివరిస్తూ, అక్కడ రథాలూ గుర్రాలూ దారులూ లేకపోయినా పురుషుడు వాటిని తానే కల్పించుకుంటాడని చెబుతాడు. నిద్రపోతున్నవాడిని హఠాత్తుగా లేపకూడదనీ, లేపితే వైద్యానికి లొంగని బాధ కలుగుతుందనీ లోకంలో అనుకునే మాటను కూడా అక్కడే ప్రస్తావిస్తాడు. గాఢనిద్రలోంచి హఠాత్తుగా లేచినవారికి కొంతసేపు ఎక్కడున్నదీ ఏం జరుగుతున్నదీ తెలియని మైకం ఉంటుందన్నది ఈనాటి వైద్యులు కూడా ఒప్పుకునేదే. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయానికి రాసిన భాష్యంలో శంకరులు, కలలో పాము కరవడం అసత్యమే అయినా, పాము కరిచినట్టు కలగన్నానన్న జ్ఞానం లేచాక కూడా చెరగదు గనుక అది సత్యమేనని వాదించారు. అసత్యమైన దానినుంచి సత్యమైన ఫలితం పుట్టగలదని చూపడం ఆ వాదం ఉద్దేశం. ఏనుగు కలలో సింహాన్ని చూసి భయపడి లేస్తుందనీ, ఆ సింహం కల్పితమే అయినా మెలకువ నిజమనీ, గురువు చూపు అటువంటిదనీ తిరువణ్ణామలైలో రమణమహర్షి చెప్పేవారు.

ఈ వేదాంతవాక్యాలను ప్రయోగశాల ఫలితాల పక్కన పెట్టినప్పుడు రెంటి ఉద్దేశాలూ వేరని మరచిపోకూడదు. వేదాంతికి కల ఒక దృష్టాంతం. జాగ్రదవస్థ నుంచి కూడా మేలుకోవలసిందేనని చెప్పడం అతడి లక్ష్యం. శాస్త్రజ్ఞుడికి కల మెదడు చేసే ఒక పని. అది ఎలా మొదలై ఎలా ఆగుతుందో చెప్పడంతో అతడి బాధ్యత తీరుతుంది. అయినా ఒక అంశంలో రెండూ ఒకే మాట చెబుతున్నాయి. రమణులు చెప్పిన సింహం ఏనుగును భయంతో లేపుతుంది. సాధారణమైన పీడకల కూడా మనిషిని అలాగే, భయం పతాకస్థాయికి చేరినప్పుడు లేపుతుంది. ఎరుక కలలో లేపేది భయం కాదు, గుర్తింపు. మ్యూనిక్‌లో జరిగి 2012లో ప్రచురితమైన మెదడు స్కానింగ్ పరిశోధనలో, మామూలు రెమ్ నిద్రలో మందగించి ఉండే ముందరి మెదడు భాగాలు, అంటే విమర్శకూ విచక్షణకూ ఆధారమైన భాగాలు, ఎరుక కలిగినప్పుడు తిరిగి చురుకవడం కనిపించింది. కల అని తెలియడంతోనే మెలకువ సగం వచ్చినట్టే గనుక, మిగిలిన సగం కోసం కండబలం వాడనక్కర లేదు.

పీడకలల చికిత్స ఈ విషయాన్ని మరింత స్పష్టంగా చూపిస్తుంది. అత్యాచార బాధితులైన స్త్రీలకు వచ్చే పీడకలలపై బారీ క్రాకోవ్ బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో, మాటిమాటికీ వచ్చే కలను పగలు మెలకువగా ఉన్నప్పుడు తలచుకుని, దాని కథను తమకు నచ్చినట్టు మార్చి, మారిన కథను రోజూ కొద్ది నిమిషాలు మనసులో ఊహించుకునే అభ్యాసం ఆ కలలను తగ్గించింది. ఉదాహరణకు గట్టు మీద పాము అడ్డం వచ్చే కల తరచు వచ్చేవారు, ఆ గట్టు పక్కకు మరో దారి ఉన్నట్టూ, పాము కాలువలోకి దిగిపోయినట్టూ కథ మార్చుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో విక్టర్ స్పూర్మేకర్, యాన్ వాన్ డెన్ బౌట్ 2006లో 23 మందితో చేసిన చిన్న ప్రయోగంలో పీడకలల బాధితులకు ఎరుక కలల అభ్యాసం నేర్పగా, పీడకలలు తగ్గాయి. విశేషమేమంటే, నేర్చుకున్నాక కూడా ఎరుక కల రానివారిలో సైతం అవి తగ్గాయి.

వైద్యుడి దగ్గరికి వెళ్లవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. నిద్రలో కేకలు వేస్తూ నిజంగానే చేతులు విసిరి, తన్ని, మంచం మీదనుంచి పడేవారికి రెమ్ నిద్రలోని కట్టడి పనిచేయకపోవడం కారణం కావచ్చు; 1986లో మినియాపొలిస్ వైద్యులు కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ వివరించిన ఈ జబ్బు ముఖ్యంగా యాభై దాటిన మగవారిలో కనబడుతుంది, పార్కిన్‌సన్ వ్యాధికి ఏళ్ల ముందే సూచన కాగలదు. పగలు పని మధ్యలోనే ఆపలేని నిద్ర ముంచుకొస్తూ, దానితోపాటు నిద్ర పక్షవాతం తరచు వస్తుంటే అది నార్కొలెప్సీ అనే వేరే జబ్బు కావచ్చు. రక్తపోటుకూ గుండెదడకూ ఇచ్చే కొన్ని మందులు పీడకలలను పెంచుతాయి. మద్యం ముందురాత్రి రెమ్ నిద్రను అణచి తెల్లవారుజామున ఒక్కసారిగా వదులుతుంది గనుక, తాగి పడుకున్నవారిని ఆ వేళ చిక్కటి కలలు చుట్టుముడతాయి. మందులను సొంతంగా మానేయకుండా వైద్యుడిని అడిగి మార్చుకోవాలి. ప్రమాదం, తుఫాను, వరద, ఆప్తుల మరణం వంటివాటి తర్వాత ఒకే పీడకల నెలకు పైగా వెంటాడుతుంటే మానసిక వైద్యుడి సహాయం అవసరం. దిష్టి తీసినా తాయత్తు కట్టినా నష్టం లేదు, వాటితోనే సరిపెట్టి చికిత్సను వాయిదా వేస్తేనే నష్టం.

స్పూర్మేకర్ ప్రయోగంలో ఎరుక కల రాకపోయినా పీడకలలు తగ్గినవారి సంగతి ఈ విషయమంతటికీ తాళంచెవి. వారు కలలోంచి ఒక్కసారి కూడా కోరి లేవలేదు. వారు నేర్చుకున్నదల్లా తమకు వచ్చేది కల అనీ, దానిలో తాము చేయగలిగింది కొంత ఉందనీ. భయానికి ఆహారం నిస్సహాయత. నిస్సహాయత పగలే తొలగితే, రాత్రి వచ్చే పాముకు కోర పీకేసినట్టే. పడుకునే ముందు ఐదుగురు దేవుళ్లను తలచుకున్న పిల్లవాడికి దొరికే ధైర్యం ఇటువంటిదే; చూపు, ఊపిరి అనే రెండు దారుల సంగతి తెలిసిన పెద్దవాడికి దొరికేది కూడా అంతకు భిన్నం కాదు. కలలోంచి లేవడం నేర్చుకున్నవారిలో చాలామందికి ఆ విద్యను అంత తరచుగా వాడవలసిన పని లేదు. కావాలనుకున్నప్పుడు లేవవచ్చునని తెలిసినవారు ఆ కలలోనే కాసేపు నిలబడి, పాము ఎటు వెళుతుందో చూడగలుగుతారు.